తుక్కు సామానుతో ఇంట్లోనే ఫ్లయిట్ సిమ్యులేటర్ కాక్‌పిట్ కట్టుకోవడం ఎలా

2024 మార్చి 18న అద్దంకి దగ్గర జాతీయ రహదారి మీద వాయుసేన ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి మళ్ళీ లేచాయి కదా, ఆ వీడియోలు ఫోన్లలో తిరిగిన దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తోంది. ఒంగోలు పిల్లలు అడుగుతున్నారు, కావలి పిల్లలు అడుగుతున్నారు, మా నెల్లూరులో మా వీధి పిల్లలూ అడుగుతున్నారు: "అన్నా, ఇంట్లో కాక్‌పిట్ కట్టాలంటే ఎన్ని స్క్రీన్లు కావాలి?"

కంప్యూటర్లో విమానం నడిపే ఆటకి పైలట్ సీటు, స్టీరింగ్, పెడళ్ళు ఇంట్లోనే కట్టుకోవడం గురించి వాళ్ళు అడిగేది. ఒక్క స్క్రీన్ చాలు. మీ దగ్గర ఉన్న పాత మానిటర్ చాలు. అంతకంటే ముందు స్టీరింగ్, కాళ్ళ కింద పెడళ్ళు, థ్రాటిల్ (ఇంజన్ బలం పెంచే, తగ్గించే లీవర్), ఈ మూడూ లూజు లేకుండా, మధ్యలో పట్టేయకుండా కదలాలి. సగంలో ఆగిపోయిన కాక్‌పిట్లు చాలా చూశాను. దాదాపు అన్నీ స్క్రీన్లతో, ప్యానెల్ పెయింటుతో మొదలైనవే. డబ్బులన్నీ అక్కడే అయిపోతాయి, స్టీరింగ్ దగ్గరికొచ్చేసరికి ఓపికా అయిపోతుంది. అందుకే ఇక్కడ వరస మార్చి చెబుతున్నాను. ఇదే వరసలో చేయండి.

మనం కట్టేది సెస్నా 172 లాంటి చిన్న విమానం కాక్‌పిట్. బోయింగ్ జోలికి మొదటిసారే పోవద్దు.

ఏమేం కావాలి, ఎక్కడ దొరుకుతాయి

- సీటు: మారుతి 800 లేదా ఓమ్నీ ముందు సీటు, కింద పట్టాలతో సహా. నెల్లూరు ఆటోనగర్‌లో పాత బండ్లు విప్పే షాపుల్లో అడగండి. పట్టాలు లేకుండా సీటు ఒక్కటే ఇస్తామంటే తీసుకోవద్దు, తర్వాత ముందుకీ వెనక్కీ జరపలేక అవస్థ పడతారు.
- బేరింగులు: పాత సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా ఉండే 6202 రకం, మూడు. లోపలి బెజ్జం 15 మి.మీ., బయటి వ్యాసం 35 మి.మీ. వేలితో తిప్పితే గరగర శబ్దం రాకూడదు.
- పాత ఆఫీసు టేబుల్ సొరుగుల చానళ్ళు ఒక జత, 12 అంగుళాలవి.
- ట్రాక్టర్ చేతి యాక్సిలరేటర్ లీవర్. థ్రాటిల్‌కి ఇంతకంటే మంచి వస్తువు నాకు ఇప్పటిదాకా దొరకలేదు. ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది.
- స్విచ్‌లు: రొయ్యల గుంటల దగ్గర పక్కన పడేసిన పాత స్టార్టర్ ప్యానెళ్ళు. వాటిలో పచ్చ, ఎర్ర బటన్లు, తిప్పే సెలెక్టర్ స్విచ్‌లు ఉంటాయి.
- పాత డబ్బా రకం ఫ్యాన్ రెగ్యులేటర్ ఒకటి.
- 10కె (10 కిలో ఓమ్స్) పొటెన్షియోమీటర్లు నాలుగు. రేడియో వాల్యూమ్ తిప్పే ముక్క లాంటివే, ఎంత తిప్పామో కంప్యూటర్‌కి తెలిసేది వీటితోనే. వీటిని మాత్రం కొత్తవే కొనండి. పాత స్టీరియోల్లోంచి పీకినవి వాడి నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను, కారణం కింద చెబుతాను.
- ఆర్డుయినో ప్రో మైక్రో లేదా లియోనార్డో బోర్డు (మన వైర్లని కంప్యూటర్‌కి కలిపే, ప్రోగ్రామ్ వేసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు). ఊనో కొనొద్దు. మొదటి రెండింట్లో ఉన్న చిప్ తనంతట తానే కంప్యూటర్‌కి జాయ్‌స్టిక్‌లా కనిపిస్తుంది, ఊనో కనిపించదు.
- 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు, లేదా పాత ఇళ్ళు పడగొట్టిన చోట దొరికే తలుపు చెక్కలు. పచ్చి సరుగుడు కర్ర వద్దు, ఆరే కొద్దీ వంగుతుంది.
- సైకిల్ ట్యూబు, ఒకే బలం ఉన్న రెండు స్ప్రింగులు, వల అల్లే నైలాన్ దారం, పాత ల్యాన్ కేబుల్, చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకటి (ఎందుకో పెడళ్ళ దగ్గర తెలుస్తుంది).
- మల్టీమీటర్. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు.

ముట్టుకోకూడనివి

పాత డబ్బా టీవీ, మైక్రోవేవ్ ఓవెన్ విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా లోపల ప్రాణం తీసే కరెంటు నిలవ ఉండవచ్చు. కొత్త కార్ల సీట్లలో పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే ఆ సీటు అక్కడే వదిలేయండి. రొయ్యల గుంట ప్యానెల్ గోడ మీద ఇంకా బిగించి ఉంటే దాని మీద చెయ్యి వేయొద్దు, అందులో వచ్చేది త్రీ ఫేజు. పూర్తిగా ఊడదీసి, తుక్కులో పడేసిందే తీసుకోండి.

1. ముందు ఒక వారం ఎగరండి

ఫ్లయిట్‌గేర్ అనేది విమానం నడిపే సిమ్యులేటర్ ప్రోగ్రామ్. ఇది ఉచితం, పాత కంప్యూటర్లో కూడా తక్కువ సెట్టింగుల మీద నడుస్తుంది. అందులో సెస్నా 172పి ఉంటుంది. ఎక్స్-ప్లేన్, మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్ ఉన్నవాళ్ళు వాటితోనే చేయొచ్చు, కట్టే పని ఏమీ మారదు. మౌస్‌తో ఒక వారం ఎగరండి. మీ కంప్యూటర్ బొమ్మ ఆగి ఆగి చూపిస్తుంటే ఇప్పుడే తెలిసిపోతుంది, చెక్క కోసిన తర్వాత కాదు.

2. నేల మీద సుద్దముక్కతో గీయండి

సీటు నేల మీద పెట్టి, అందులో కూర్చుని, ఇంకొకరి చేత గీయించుకోండి. మోచేతులు కొద్దిగా వంగి ఉన్నప్పుడు చేతులు ఎక్కడున్నాయో అది స్టీరింగ్. మోకాళ్ళు కొద్దిగా వంగి మడమలు నేలకి ఆనిన చోటు పెడళ్ళు. కుడిచేయి కిందికి, ముందుకి చాస్తే తగిలే చోటు థ్రాటిల్. నెట్‌లో దొరికే కొలతలు పట్టుకుని కోయొద్దు, మీ ఎత్తు వేరు, ఆ రాసినాయన ఎత్తు వేరు. అలా కూర్చుని పావుగంట సినిమా చూడండి. నడుం లాగితే గీతలు చెరిపి మళ్ళీ గీయండి.

3. అడుగు పలక

సీటు, స్టీరింగ్ స్టాండు, పెడళ్ళు మూడూ ఒకే పలక మీద ఉండాలి. వేరువేరుగా నేల మీద పెడితే కాలు తన్నినప్పుడల్లా పెడళ్ళు జరిగిపోతాయి. 18 మి.మీ. ప్లైవుడ్, కింద మూడు అడ్డ చెక్కలు, అంతే. మేకులు వద్దు, బోల్టులు వాడండి. దీన్ని కనీసం మూడుసార్లు విప్పి బిగిస్తారు.

4. స్టీరింగ్ (ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వండి)

ఇది రెండు పనులు చేయాలి. తిప్పితే విమానం పక్కకి వాలాలి, లాగితే ముక్కు లేవాలి.

సొరుగు చానళ్ళు రెండూ సమాంతరంగా బిగించి వాటి మీద ఒక చిన్న పలక పెట్టండి. అదే ముందుకీ వెనక్కీ నడిచే బండి. చానళ్ళు ఒక్క మిల్లీమీటరు తేడాతో వంకరైనా బండి మధ్యలో పట్టేస్తుంది. కాబట్టి ముందు ఒక చానల్ పూర్తిగా బిగించి, రెండోది వదులుగా పెట్టి, బండిని నాలుగుసార్లు ఆడించి, అది తనంతట కుదురుకున్న చోట బిగించండి.

బండి మీద రెండు చెక్క దిమ్మెలు, వాటిలో రెండు 6202 బేరింగులు, మధ్య దూరం 15 సెం.మీ. ఉండాలి. పక్కపక్కనే పెడితే స్టీరింగ్ తలకాయ ఊపుతుంది. 15 మి.మీ. ఇనుప కడ్డీ వాటిలోంచి పోనిచ్చి ముందు స్టీరింగ్, వెనక పొటెన్షియోమీటర్. కడ్డీ వెనక కొసని లేతు షాపులో 6 మి.మీ.కి తీయించుకోండి, చిన్న పనే. ఆ కొసకీ పొటెన్షియోమీటర్ కాడకీ మధ్య బైకు పెట్రోలు పైపు ముక్క తొడిగి సన్నటి క్లిప్పులతో బిగించండి. నేరుగా ఇనుముకి ఇనుము కలిపితే కొద్దిగా వంకరున్నా పొటెన్షియోమీటర్ నెలలో అరిగిపోతుంది, రబ్బరు ఆ వంకరని తాను తీసుకుంటుంది.

ఇక్కడ మరిచిపోకూడనిది అడ్డుమేకు. స్టీరింగ్ అటు 90, ఇటు 90 డిగ్రీలు తిరిగి చెక్కకి తగిలి ఆగాలి. అది లేకపోతే బలమంతా పొటెన్షియోమీటర్ లోపలి చిన్న ముక్క మీద పడి విరుగుతుంది.

లాగే కదలిక కొలవడానికి దారం వాడతాం. బండి 15 సెం.మీ. నడుస్తుంది. 8 సెం.మీ. వ్యాసం ఉన్న చెక్క బిళ్ళకి అంచున గాడి తీసి పొటెన్షియోమీటర్ కాడకి బిగించండి. నైలాన్ దారాన్ని దాని చుట్టూ ఒకటిన్నర చుట్టు తిప్పి రెండు కొసలూ బండికి కట్టండి, ఒక కొసకి చిన్న స్ప్రింగు పెట్టండి, దారం ఎప్పుడూ బిగువుగా ఉంటుంది. బండి ఇటు నుంచి అటు పోతే బిళ్ళ దాదాపు 215 డిగ్రీలు తిరుగుతుంది. పొటెన్షియోమీటర్ మొత్తం తిరిగేది సుమారు 300, ఆర్డుయినో ఆ మొత్తాన్ని 0 నుంచి 1023 దాకా మెట్లుగా చదువుతుంది, అంటే మనకి 700 మెట్లు పైనే వస్తాయి. బాగా సరిపోతుంది. బిళ్ళ 5 సెం.మీ. చేస్తే పొటెన్షియోమీటర్ చివరికి పోయి విరుగుతుంది.

మధ్యకి తిరిగి రావడానికి ముందొకటి, వెనకొకటి ఒకే బలం ఉన్న స్ప్రింగులు. తిప్పే కదలికకి సైకిల్ ట్యూబు పట్టీలు చాలు. గట్టి స్ప్రింగులు పెట్టొద్దు. పది నిమిషాలకే భుజం నొప్పి పుడితే ఎవరూ ఆ సీట్లో కూర్చోరు.

5. పెడళ్ళు

45 సెం.మీ. చెక్క బద్ద, నడి మధ్యలో మూడో బేరింగు, రెండు కొసల మీద రెండు పాదాలు. ఇంతకంటే సులువైన రడ్డర్ (విమానం తోక పలకని తిప్పే) పెడల్ లేదు. అటు 20, ఇటు 20 డిగ్రీలు కదిలితే చాలు.

చాలామంది పొటెన్షియోమీటర్‌ని నేరుగా ఆ నడి మధ్య ఇరుసుకే బిగిస్తారు. 300లో 40 డిగ్రీలు అంటే వచ్చేది 136 మెట్లు, రన్‌వే మీద విమానం గంతులేస్తుంది. ఇక్కడా దారమే వాడండి. ఇరుసు నుంచి 18 సెం.మీ. దూరంలో దారం కట్టి 6 సెం.మీ. బిళ్ళ మీదుగా తిప్పితే 230 డిగ్రీల పైన వస్తుంది.

గ్రానైట్ సంగతి ఇప్పుడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, 20 మి.మీ. మందం ఉన్న ముక్క పది కిలోల పైన తూగుతుంది. దాన్ని పెడళ్ళ వెనక అడుగు పలక మీద పెట్టి చుట్టూ బద్దలు కొట్టండి. టెన్షన్లో ఎంత గట్టిగా తన్నినా పలక లేవదు. మొదట్లో నేను అది లేకుండా కట్టాను, మా అన్న కొడుకు ల్యాండింగ్‌లో బ్రేకు అనుకుని తన్నిన తన్నుకి పలక ముందు భాగం లేచి మానిటర్ వైరు తెగింది.

6. థ్రాటిల్

ట్రాక్టర్ లీవర్‌ని కుడివైపు చెక్క పెట్టెలో బిగించి ఇరుసుకి పొటెన్షియోమీటర్ కలపండి. దీనికి నేరుగా బిగించినా ఫర్వాలేదు, 200 మెట్లు వచ్చినా ఇంజన్‌కి సరిపోతుంది. లీవర్ దొరక్కపోతే పాడైన ఎలక్ట్రిక్ స్కూటర్ యాక్సిలరేటర్ పిడి వాడండి, అందులో అరిగే భాగం లేని హాల్ సెన్సర్ ఉంటుంది. మూడు వైర్లే, ఎక్కువ వాటిలో ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండు, మూడోది సిగ్నల్. మల్టీమీటర్‌తో చూసుకునే కలపండి. వదిలితే వెనక్కి వచ్చే స్ప్రింగు మాత్రం తీసేయాలి.

7. వైరింగ్

పొటెన్షియోమీటర్‌కి మూడు కాళ్ళు. అటు చివరిది 5 వోల్టులకి, ఇటు చివరిది గ్రౌండుకి, మధ్యది ఆర్డుయినో అనలాగ్ పిన్నుకి. మధ్య కాలు పొరపాటున గ్రౌండుకి కలిపితే ఒక చివరికి తిప్పినప్పుడు షార్ట్ అవుతుంది, కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టు ఆగిపోతుంది. ప్లగ్గు పెట్టే ముందు మల్టీమీటర్‌తో 5 వోల్టులకీ గ్రౌండుకీ మధ్య ఓమ్స్ చూడండి. నాలుగు 10కె పొటెన్షియోమీటర్లు మాత్రమే కలిపితే (బోర్డు ఇంకా కలపకుండా) 2.5కె దగ్గర చూపించాలి, స్టీరింగ్, పెడళ్ళు, థ్రాటిల్ ఏది ఎటు కదిపినా అది మారకూడదు. మారిందంటే ఎక్కడో మధ్య కాలు తప్పు చోట ఉంది.

ల్యాన్ కేబుల్‌లో నాలుగు జతల వైర్లు ఉంటాయి, మంచివే. గోడల్లో వేసే రకంలో మాత్రం ఒంటి తీగ ఉంటుంది, పదేపదే వంగితే తెగుతుంది. కదిలే బండి దగ్గర చిన్న ప్యాచ్ కార్డు కోసి వాడండి, అందులో సన్నటి పోగులు ఉంటాయి.

ఆర్డుయినో వద్దనుకునేవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఏదైనా పాత యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ విప్పండి. మామూలు రకాల్లో పుల్లల కింద ఉన్నవి చిన్న 10కె పొటెన్షియోమీటర్లే. వాటిని తీసి ఆ చోట్లో మన వైర్లు అతికించండి, బటన్ల చోట మన స్విచ్‌లు. ప్రోగ్రామ్ రాసే పనే ఉండదు. సోల్డరింగ్ చెయ్యి కుదురుగా ఉండాలి.

ఆర్డుయినో వాడేవాళ్ళు జాయ్‌స్టిక్ లైబ్రరీ (ముందే రాసి ఉన్న కోడ్) వేసుకుంటే దాని ఉదాహరణ ప్రోగ్రామ్‌లోనే పని సగం అయిపోతుంది. స్విచ్ ఒక కాలు పిన్నుకి, ఇంకో కాలు గ్రౌండుకి, ప్రోగ్రామ్‌లో పిన్నుని పుల్-అప్‌లో (స్విచ్ నొక్కనప్పుడు పిన్ను 5 వోల్టుల దగ్గర ఉండే సెట్టింగు) పెట్టండి.

8. స్విచ్‌లు

రొయ్యల గుంట ప్యానెళ్ళు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటాయి. బటన్ వెనక ముక్క విప్పి కాంటాక్టులని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పాత కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగండి. ఉప్పు కాగితంతో గట్టిగా రుద్దొద్దు, పైపూత పోతుంది. పచ్చ బటన్ సాధారణంగా నొక్కితే కలుస్తుంది, ఎర్ర బటన్ నొక్కితే తెగుతుంది. వెనక 3, 4 అని ఉంటే కలిసేది, 1, 2 అని ఉంటే తెగేది. ప్యానెల్ బల్బులు 5 వోల్టులకి వెలగవు, వాటిలో ఎల్ఈడీ, 330 ఓమ్స్ రెసిస్టర్ పెట్టుకోండి.

ఫ్యాన్ రెగ్యులేటర్‌లోంచి చుట్ట రెసిస్టర్ తీసేస్తే లోపల మెట్లమెట్లుగా తిరిగే స్విచ్ మిగులుతుంది. అదే మీ మాగ్నెటో స్విచ్ (విమానం ఇంజన్ స్టార్ట్ చేసే తాళం స్విచ్): ఆఫ్, కుడి, ఎడమ, రెండూ, స్టార్ట్. ఆ టకటక శబ్దం చేతికి చాలా బాగుంటుంది.

9. ప్యానెల్, స్క్రీన్

ఇప్పుడు రండి స్క్రీన్ దగ్గరికి. ఎదురుగా బయటి దృశ్యం ఒక మానిటర్. మీటర్లకి పాత 19 అంగుళాల చదరపు మానిటర్ దొరికితే అదృష్టమే, దాని తెర 37.6 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు. విమానాల్లో మీటర్ గుండ్రాలు మామూలుగా మూడుంపావు అంగుళాల కంటే ఒక పిసరు తక్కువ, 79 మి.మీ. దాకా ఉంటాయి. వరసకి మూడు చొప్పున ముఖ్యమైన ఆరు మీటర్లూ అసలు సైజులోనే పడతాయి. షాపు బోర్డుల దగ్గర మిగిలే ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) ముక్కకి ఆరు బెజ్జాలు కోసి తెర ముందు నిలబెట్టండి. ఫ్లయిట్‌గేర్ వాళ్ళకి ఎఫ్‌జీప్యానెల్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, అది మీటర్లని వేరే పాత కంప్యూటర్ మీద చూపిస్తుంది.

రెండో స్క్రీన్ కోసం హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ కొనొద్దు. అది ఒకే బొమ్మని రెండు చోట్ల చూపిస్తుంది, అంతే. కంప్యూటర్‌కే రెండు అవుట్‌పుట్లు ఉండాలి.

ఎక్కువమంది చేసే తప్పులు

పాత స్టీరియో పొటెన్షియోమీటర్ ఎందుకు వద్దన్నానంటే, వాల్యూమ్‌కి పెట్టేవి ఎక్కువగా లాగ్ రకం, అంటే తిప్పినంత సమంగా మారవు. మనకి కావాల్సింది సమంగా మారే లీనియర్ రకం. సరిగ్గా సగం తిప్పి మధ్య కాలుకీ ఒక చివరకీ కొలవండి. 5కె దగ్గర వస్తే లీనియర్. ఒక వైపు 1కె, 1.5కె వస్తే లాగ్. అలాంటిది పెడితే స్టీరింగ్ ఒక వైపు మొద్దుగా, ఇంకో వైపు పిచ్చిగా పనిచేస్తుంది. నేను రెండు వారాలు స్ప్రింగులు మారుస్తూ కూర్చున్నాను, తప్పు వాటిది కాదు.

బొమ్మ వణుకుతుంటే, అంటే మీరు చెయ్యి పెట్టకపోయినా అంకెలు 20, 30 ఎగిరిపడుతుంటే, ముందు గ్రౌండు అతుకు చూడండి. తర్వాత సెన్సర్ వైర్లు కరెంటు వైరు పక్కనే పోతున్నాయేమో చూడండి. ఆ రెండూ బాగుంటే మధ్య కాలుకీ గ్రౌండుకీ మధ్య 104 కెపాసిటర్ ఒకటి పెట్టండి. రెండు మూడు అంకెల కదలిక మామూలే.

స్టీరింగ్‌లో లూజు ఉంటే దాన్ని సాఫ్ట్‌వేర్‌లో డెడ్ జోన్ పెంచి దాచొద్దు. మధ్యలో చచ్చిన చోటు ఉంటే ల్యాండింగ్‌లో సరిగ్గా అక్కడే చిన్న సవరింపులు కావాలి. చెక్క దగ్గరికి పోయి బోల్టు బిగించండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

విండోస్‌లో విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని ఇంగ్లీషులో కొట్టండి. స్టీరింగ్ నిదానంగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి, గుర్తు ఎక్కడా గెంతకుండా జరగాలి. వదిలేయండి. మధ్యకి వచ్చిన చోటు గుర్తుపెట్టుకోండి. అటు నుంచి పదిసార్లు, ఇటు నుంచి పదిసార్లు వదలండి, ప్రతిసారీ దాదాపు అక్కడికే రావాలి. రాకపోతే ఎక్కడో రాపిడి ఉంది, ఎక్కువసార్లు అది చానళ్ళ దగ్గరే.

తర్వాత ఆటలో విమానాన్ని బయట నుంచి చూడండి. స్టీరింగ్ కుడికి తిప్పితే కుడి రెక్క మీది చిన్న పలక పైకి లేవాలి. కుడి కాలు నొక్కితే తోక పలక కుడికి తిరగాలి. లాగితే తోక దగ్గర అడ్డ పలక పైకి లేవాలి. తిరగబడితే ఫ్లయిట్‌గేర్ జాయ్‌స్టిక్ సెట్టింగుల్లో ఆ ఒక్కదాన్నే తిరగేయండి, వైర్లు మార్చాల్సిన పని లేదు.

ఇక రన్‌వే. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి 55 నాట్ల దాకా పరిగెత్తండి, లేపొద్దు, థ్రాటిల్ తీసేసి ఆపండి. ఇంజన్ బలానికి ముక్కు ఎడమకి లాగుతుంది, కుడి పాదంతో కొద్దికొద్దిగా పట్టుకోవాలి. మధ్య గీత దాటకుండా మూడుసార్లు చేయగలిగితే మీ పెడళ్ళు బాగున్నట్టే. అద్దంకి దగ్గర రోడ్డు మీది ఆ రన్‌వే వెడల్పు 33 మీటర్లే, అది గుర్తుంచుకుని చేయండి.

ఆఖరిది, నాకు బాగా ఇష్టమైనది. చెన్నైలో లేచి ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి రండి. ఎడమవైపు పులికాట్ సరస్సు, కుడివైపు సముద్రం, ఇంకా ముందుకొస్తే కృష్ణపట్నం. అక్కడ ఎడమకి తిరిగితే నెల్లూరు, పెన్న కనిపిస్తుంది. సెస్నాలో దాదాపు గంట. పులికాట్ దాటాక ట్రిమ్ (చేతులు తీసినా ముక్కు అదే ఎత్తులో నిలిచేలా చేసే సర్దుబాటు) సరిచేసి స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేయండి. రెండు నిమిషాలు విమానం ఎత్తు మారకుండా, పక్కకి వాలకుండా పోతే మీ స్ప్రింగులు, దారాలు, మధ్య స్థానం అన్నీ కుదిరినట్టు. మెల్లగా ఒకే వైపు వాలుతుంటే నెల్లూరు దాకా రానక్కర్లేదు, అక్కడే పాజ్ నొక్కి దిగి, ఆ వైపు సైకిల్ ట్యూబు పట్టీ ఒక్క బెజ్జం వదులు చేయండి.